పొగడ మాను మీద చివరి బెత్తెడు

మా పక్కింటి పెద్దమ్మ మొన్న సోమవారం పొద్దున ఏడు గంటలకు సూర్యాపేటలో, తన ఇంట్లోనే చనిపోయింది. మూడు రోజుల జ్వరం. ఆమె నాకు చుట్టం కాదు. వాడకట్టంతటికీ పెద్దమ్మే.

ఆమె పెరట్లో పొగడ చెట్టు ఉంది. కొత్త కోడలుగా గరిడేపల్లి నుంచి వస్తూ తెచ్చిన మొక్క. "ఇది పూసేసరికి నీకు మనుమలు పుడతరు" అని మామగారు ఎగతాళి చేశాడట. ఆమె బియ్యం కడుగు పోసి, మేకలు రాకుండా ముళ్ళకంప కట్టి పెంచింది. "మనుమల కంటె ముందే పూసింది" అని చెప్పి నవ్వేది.

చిగుళ్ళ నుంచి నెత్తురు కారేవాళ్ళు బెరడు కోసం వచ్చేవారు. కషాయం కాచి పుక్కిలిస్తే తగ్గేది. ఎవరికీ లేదనలేదు. కాని కత్తి పెట్టాల్సిన చోటు తానే వేలితో చూపేది. "బెత్తెడే తియ్యి. ఎక్కువ తీస్తే అదేం తిని బతుకుతది?"

నిరుడు కూతురి కాన్పుకని మిర్యాలగూడ పోయింది. నెలకని పోయిన మనిషి, ఊళ్ళల్లో గొడవలు లేచి బస్సులు బందై నాలుగు నెలలు అక్కడే చిక్కుకుంది. ఇక్కడ బెరడుకు వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. ఎవరూ ఆమె మాట దాటలేదు. ఒక్కొక్కరు ఒక్క బెత్తెడే తీశారు. ఎక్కడ తియ్యాలో చూపే మనిషి లేదు. బెత్తెడు పక్కన బెత్తెడు, మాను చుట్టూ తిరిగి వచ్చింది. చివరిది నేను తీశాను, నా భార్య కోసం. రెండో వైపు చూడలేదు.

తిరిగొచ్చి చూసి ఆమె చెట్టు కిందే కూలబడింది. తర్వాత లేచి ఎర్రమట్టి, పేడ కలిపి మెత్తి, గోనెపట్టా చుట్టింది. ఆ సాయంత్రం వెళ్ళి నిజం చెప్పాను.

"నీ పెండ్లాం పండ్లు నిలిచినయా?"

"నిలిచినయ్, పెద్దమ్మా."

"మరి గట్ల మొఖం ఏలాడేస్తవేంది? ఒకటన్న నిలిచింది."

రోజూ ఆ గోనెపట్టా తడిపేది. ఈ ఏడు చెట్టు ఎన్నడూ లేనంతగా పూసింది. గోడ మీదుగా కేకేసి పిలిచింది: "సూసినవా, మానింది!" చుట్టూ బెరడు పోయిన చెట్టు ఎండేముందు అట్లాగే పూస్తుందని ఒక తోటమాలి అప్పటికే నాకు చెప్పాడు. వార్తలు చెప్పడం నా పని. అది మాత్రం చెప్పలేదు.

పై కొమ్మలు ఇప్పుడు ఎండాయి. కింది కొమ్మ ఒక్కటి పూస్తోంది. మాను వంటింటి మీద పడుతుందని అల్లుడి భయం. అది న్యాయమే. పదో దినం బుధవారం. గురువారం పొద్దున ఎనిమిదికి కోదాడ నుంచి రంపం వాళ్ళు వస్తారు. పూలు ఏరుకునేవాళ్ళు అంతకుముందే రావాలని కూతురు ఇంటింటికీ చెప్పి వస్తోంది.