ఒక్కో స్తంభానికి ఒక్కో తాత

గవరయ్యకు ఒకటే జబ్బు. ఒకప్పుడు ఖైదీలను తెచ్చి పడేసిన ఆ దీవిలో, కాలేజీ ఆవరణలోని పాత బంగళాను చూడ్డానికి ఎవరొచ్చినా, దాన్ని ఆ వచ్చినవాళ్ల తాతే కట్టాడని చెప్పేస్తాడు.

నిలువెత్తు పడాక్ కలప స్తంభాల మీద నిలబడ్డ చెక్క బంగళా అది. చుట్టూ వరండా, పైన రేకులు. వాన కొడితే లోపల పక్కవాడి మాట వినపడదు. గుమ్మం పక్కన రాతి పలక మీద కట్టించిన దొర పేరుంది. కట్టినవాళ్ల పేర్లు లేవు. ఆ లోటును కాపలాదారు గవరయ్య ధారాళంగా తీర్చేవాడు.

తూర్పు బెంగాల్ నుంచి కొత్తగా ఓడ దిగిన హరిపదను చెయ్యి పట్టుకుని ఒక స్తంభం దగ్గరికి లాక్కెళ్లాడు.

"దేఖో భయ్యా, ఈ ఖంబా మీ తాతదే!"

"మా తాత ఊరి పొలిమేర దాటలేదే!"

"ఇంట్లో చెప్పి వచ్చే ప్రయాణమేటి అది? సంకెళ్లేసి తెచ్చుంటారు."

హరిపద తల గోక్కున్నాడు. కాసేపటికి స్తంభాన్ని నిమిరాడు. ఆదివారం పెళ్లాంపిల్లల్ని వెంటబెట్టుకొచ్చి, తాతకు దండం పెట్టించాడు.

అడవి పనికొచ్చిన రాంచీ కూలీలకు, తమిళులకు, మలయాళీలకు తలో స్తంభం దక్కింది. స్తంభాలు అయిపోయాక, ఉన్నవాటికే రెండో తాతను తగిలించాడు.

చరిత్ర లెక్చరరు జ్ఞానవతికి ఒళ్లు మండిపోయేది.

"గవరయ్య బాబాయ్, నీ అబద్ధాలు ఆపుతావా?"

"కోపమెందుకు టీచరమ్మా? ఈ కిటికీల పరదాలు మీ తాత కుట్టినవే."

"మా తాత భీమిలిలో దర్జీ. సముద్రంలో కాళ్లు కూడా తడపలేదు! అయినా ఇక్కడ పరదాలేవి?"

"అప్పట్లో ఉండేవి."

ఇంతలో బంగళా కూల్చి ఆఫీసర్లకు క్వార్టర్లు కట్టాలని హుకుం వచ్చింది. జ్ఞానవతి ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులు అరగదీసింది.

"ఎవడో దొర కొంప. ఎవరిక్కావాలమ్మా?" అన్నారు ఆఫీసర్లు.

కూల్చే రోజు పొద్దున ఆమె గునపాల కంటే ముందే పరిగెత్తుకొచ్చింది. చూస్తే స్తంభాలు కనపడలేదు, మనుషులే కనపడ్డారు. గవరయ్య కబురందుకుని ఊళ్లోని డాలీగంజ్ పేటవాళ్లు కుటుంబాలతో దిగారు. రాంచీ కూలీలు ఎక్కడో దూరాన మాయాబందర్‌లో బోటెక్కి, ఫీనిక్స్ బే రేవులో దిగి నేరుగా వచ్చేశారు. ఎవరి తాతను వాళ్లు వాటేసుకున్నారు.

"ఒకే స్తంభానికి ఇద్దరు తాతలా?" అని అరిచాడు ఇంజనీరు.

హరిపద, అదే స్తంభాన్ని అటువైపు నుంచి పట్టుకున్న తమిళ మేస్త్రీ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఒకాయన నరికాడు, ఒకాయన చెక్కాడు సాబ్," అన్నాడు హరిపద.

గునపాలు లారీ ఎక్కాయి. కూల్చే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

జనం వెళ్లాక జ్ఞానవతి నిలదీసింది. "నిజం చెప్పు బాబాయ్, కట్టిందెవరు?"

"ఖైదీలే టీచరమ్మా. మా ముత్తాతా ఉన్నాడంట. ఏ ఖంబాయో ఎవడికి తెల్సు? ఆళ్ల పేర్లు ఎవడు రాశాడు గనక! ఈళ్లు సూత్తే ఇల్లూవాకిలీ పోగొట్టుకుని ఓడ దిగినారు. అటు ఖంబాలకీ నా అన్నోళ్లు లేరు, ఇటు ఈళ్లకీ లేరు. సుట్టరికం కలిపీసినాను."

ఆ వారం జ్ఞానవతి తన విద్యార్థులను బంగళాకు తీసుకొచ్చింది. సంకెళ్ల సంగతి, ఎవరూ రాయని పేర్ల సంగతి దాచకుండా చెప్పింది.

"మరి మీ తాత ఏం చేశారు మేడమ్?" అడిగిందొక అమ్మాయి.

గవరయ్య చటుక్కున పైకప్పు రేకులు లెక్కపెట్టసాగాడు. జ్ఞానవతి బోసి కిటికీలకేసి చూసి, గొంతు సవరించుకుంది.

"వీటికి అప్పట్లో పరదాలుండేవి," అంది.