అత్తమ్మ కోపానికి రెండు మార్కులు తక్కువ

నవ్వనంటే చెబుతాను. నవ్వుతారని తెలుసు, అయినా చెబుతాను. నిన్న సాయంత్రం ఐదింటికి మా అత్తమ్మ అంగడిలోంచి నేను ప్రాణాలతో బయటపడ్డానంటే, అది నా తెలివి మాత్రం కాదు!

నా పని తెలుసు కదా. ఇక్కడ కర్ణాటకలో, చింతామణిలో ఇంట్లోనే కూర్చుని బెంగళూరు కంపెనీకి గేములు డిజైన్ చేస్తాను. ఈసారి మా టీమ్ లీడ్ కొత్త రకం వీరుణ్ణి అడిగాడు. మామూలుగా గేముల్లో బాగా ఆలోచించేవాడు మంత్రగాడు, ఒక్క దెబ్బకు పడిపోతాడు. కోపంతో ఊగిపోయేవాడు ఇంకొకడు, వాడికి బుర్ర ఉండదు. "రెండూ ఒకరిలోనే కావాలి. కోపం పెరిగేకొద్దీ బుర్ర ఇంకా బాగా పనిచేయాలి," అన్నాడు. మూడు వారాలు తల పట్టుకున్నాను. ఆలోచన పెడితే కోపం చల్లారుతుంది, కోపం పెడితే ఆలోచన పారిపోతుంది!

చివరికి కళ్లెదురుగానే దొరికింది. మా అత్తమ్మ, రత్నమ్మ. బజారులో మాకు చిల్లర సరుకుల అంగడి ఉంది, అక్కడ ఆమెదే రాజ్యం. ఒకరోజు సరుకు వేసే ఆయన పాత కందిబేళ్లను కొత్తవని దించాడు. అత్తమ్మ అరవలేదు. కన్నడంలో, చాలా మెల్లగా, "ఒందు" అని చిటికెన వేలు మడిచి ఒక కారణం చెప్పింది. "ఎరడు" అని ఉంగరం వేలు మడిచింది. అట్లా ఐదో కారణానికి బొటనవేలు కూడా మడిచేసరికి పిడికిలి తయారు! అప్పుడు తెలుగులో తిట్లకు దిగింది. పాపం, ఆయన బస్తా తనే భుజాన వేసుకుని పోయాడు.

అదే నా కొత్త వీరుడి రకం, గేముల భాషలో క్లాసు! పేరు 'పిడికిలి'. సరైన కారణానికి ఒక వేలు ముడుచుకుంటుంది, తప్పు కారణానికి విచ్చుకుంటుంది, ఐదూ మడిస్తేనే దెబ్బ. ఇంగ్లీషులో రాస్తే కోపం రావడం లేదని ముందు తెలుగులోనే రాసుకున్నాను. ఆధారం: మా అత్తమ్మ. ఆలోచన: ఇరవైకి ఇరవై. కోపం: ఇరవైకి పద్దెనిమిది. ప్రతి వీరుడికీ ఒక బలహీనత ఉండాలని మా లీడ్ పెట్టిన రూలు, కాబట్టి అదీ రాశాను: 'మోకాలి నొప్పి ఎట్లుండాది అని ఎవరన్నా ప్రేమగా అడిగితే మడిచిన వేళ్లన్నీ విచ్చుకుంటాయి.' ఆ నొప్పి సంగతి ఇంట్లో మాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ ఒక్క మాటతో నేనే ఎన్నిసార్లు తిట్లు తప్పించుకున్నానో!

కాగితం మీద చూస్తేగానీ నాకు బుర్ర నడవదు. అంకెలు మార్చి మార్చి ఏడు ప్రింట్లు తీశాను. ఇక్కడే నా అతితెలివి చూడండి. మునిసిపాలిటీ వాళ్లు ప్లాస్టిక్ కవర్లు వద్దన్నాక అంగడిలో పొట్లాలకు కాగితం చాలడం లేదు. మంచి కోడలు అనిపించుకుందామని, మొన్న నా బల్ల మీదున్న పాత కాగితాల కట్టంతా ఎత్తుకెళ్లి నా చేతులతో నేనే అత్తమ్మకు ఇచ్చాను. "మా వసంతకు అంగడి మీద ధ్యాస ఉండాది," అని మురిసిపోయింది.

నిన్న పొద్దున నేను అంగడిలో ఉండగా పక్క టైలరు వచ్చాడు. "రత్నమ్మక్కా, నిన్న తీసుకుపోయిన చింతపండులో గింజలు మెండుగా ఉండాయి, మార్చిస్తావా?" అన్నాడు. కట్టిచ్చిన సరుకు వాపసు తీసుకోవడం అత్తమ్మ చరిత్రలోనే లేదు. చిటికెన వేలు అప్పుడే సగం మడిచింది కూడా. "అట్లనే... మోకాలి నొప్పి ఎట్లుండాది?" అన్నాడు.

వేలు విచ్చుకుంది! "ఏదోలేప్పా, మెట్లెక్కితే పట్టుకుంటాది," అంటూ వేరే పొట్లం కట్టిచ్చింది. ఎవరో చెప్పుంటారులే అనుకున్నాను. గంట తిరక్కుండా ఎదురు సందు నాగవేణమ్మ వచ్చింది. మళ్లీ గింజలు! మళ్లీ మోకాలు! ఆమె తెచ్చిన పొట్లం వైపు చూశాను. దాని మీద 'కోపం: ఇరవైకి పద్దెనిమిది'.

అది నా ప్రింటే! తిట్లకు కాదు నా భయం. పెళ్లయిన కొత్తలో చుట్టాలంతా "గేములు చేసేది కూడా ఒక పనేనా?" అని నవ్వితే, "మా కోడలిది బుర్రతో చేసే పని" అని వాళ్ల నోళ్లు మూయించింది అత్తమ్మ ఒక్కతే. ఆ బుర్రతో నేను చేసిందేమిటి? ఆమె నొప్పిని పొట్లాలు కట్టి ఊరికి పంచాను. ఇది తెలిస్తే ఇంక నన్ను నమ్ముతుందా?

పాత కాగితం చేతిలోనే పట్టుకుని పోతున్న నాగవేణమ్మ వెనకాలే పరిగెత్తాను. "అమ్మా, ఆ పాత పొట్లం కాగితం ఇయ్యండి, మా ఆఫీసుది."

"తీసుకోమ్మా! మేము ఫోటో తీసి అందరికీ పంపినాములే. ఎంత బాగా రాసినావు! మా ఇంట్లో చదివి నవ్వుతానే ఉండారు."

మధ్యాహ్నానికి వీధులన్నీ తిరిగి నాలుగు కాగితాలు పట్టుకొచ్చాను. ఫోటోలను ఎట్లా పట్టుకొస్తాను? ఈలోగా అంగడిలో మోకాలిని పరామర్శించే వాళ్లు వస్తూనే ఉన్నారు. ఐదింటికి పిలుపు వచ్చింది.

"వసంతా, ఇట్ల రా." నేను వెళ్లి నిలబడ్డాను. "ఒందు," అంది.

కన్నడం! "నా నొప్పి ఇంట్లో వాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు," అంది. చిటికెన వేలు. ఎరడు, పొద్దుటినుంచి అడిగినవాళ్లంతా నిన్న చింతపండు కొన్నవాళ్లే. మూరు, ఆ పొట్లాలు నువ్విచ్చిన కాగితాలతో కట్టినవి. నాల్కు అంటూ గల్లాపెట్టె కిందనుంచి ఒక కాగితం తీసి నా ముందు పరిచింది. ఇంక బొటనవేలు ఒక్కటే మిగిలింది.

భయంలో నోటికి ఏం వస్తుందో మనకే తెలియదు. "అత్తమ్మా, మోకాలి నొప్పి ఎట్లుండాది?" అనేశాను.

"ఐదు!" అంది. కన్నడంలోనూ ఐదే, తెలుగులోనూ ఐదే. భాష ఎక్కడ మారిందో కూడా తెలియలేదు. "ఇన్ని దినాలు ప్రేమతో అడుగుతాండావనుకొంటి కదమ్మా! తప్పించుకునేదానికా అడిగింది?"

అంతే, నాకు ఏడుపు ఆగలేదు. "మొదట్లో నిజంగానే అడిగినా అత్తమ్మా... తరువాత తరువాత అలవాటైపోయింది," అన్నాను వెక్కుతూ. ఆమె నన్ను చూసింది, తన పిడికిలి చూసుకుంది. ఒక్కో వేలూ విచ్చుకుంది.

"ఏడ్వద్దు, గిరాకీ వచ్చే టైము. అది సరే, కోపానికి రెండు మార్కులు ఏమిటికి కట్ చేసినావు?"

"పెంచుతా అత్తమ్మా."

"పెంచు. ఈ మోకాలు కొట్టెయ్యి."

"బలహీనత ఒకటి ఉండాల్నంట అత్తమ్మా. ఆఫీసు రూలు."

కౌంటరు మీది పెన్ను తీసి నా చేతిలో పెట్టింది. "ఉండనీ. అక్కడ కోడలు అని రాయి."

ఈ పొద్దున అంతా ఇంగ్లీషులోకి మార్చి పంపించాను. లీడ్‌కు తెగ నచ్చింది! ఒకే ఒక్క కామెంట్ పెట్టాడు: 'బలహీనత కోడలు అంటే ఎవరూ నమ్మరు, మార్చండి.'

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. చిటికెన వేలు మడిచి, ఒందు అనుకుని, జవాబు టైప్ చేయడం మొదలుపెట్టాను. రెండో కారణం ఎంతకీ దొరకలేదు. లేచి వెళ్లి అత్తమ్మను పిలుచుకొచ్చాను.