సాంసన్ బస్సు వచ్చేదాకా

ఎవరైనా ఆలస్యంగా వస్తే లోకమంతా వాళ్ళను తిడుతుంది. మా ఆయన జగపతి మాత్రం వాళ్ళు ఎవరి కోసం ఆగారో వెతికేవాడు. అదొక జబ్బు. మందు దొరకలేదు.

జనగామలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఆయనది. కంప్యూటర్లను నడిపే లినక్స్ అంటే ప్రాణం. "సరళా, మిషన్ ఆన్ చేస్తే లోపల ఒక్కో సర్వీసు లేస్తది. కొన్ని పక్కది లేచేదాకా లేవయి. లేటైనదాన్ని తిడితే ఏం లాభం? గది ఎవరి కోసం ఆగిందో సూడాలె" అనేవాడు. నేను చాయ్ పెడుతూ వినేదాన్ని. చాయ్ ఆలస్యమైతే నన్ను ఒక్కమాట అనేవాడు కాదు. పాలు, పాలవాడు, పాలవాడి బర్రె, ఇలా విచారణ లింగాల ఘనపూర్ దాకా పోయేది. ఈలోగా చాయ్ వచ్చి, చల్లారి, తొరక కట్టేది.

మా అబ్బాయి వరుణ్ పెళ్ళిలో పురోహితుడు రాక ముహూర్తం దాటిపోతుంటే బావగారు వెంకట్రాం అరిచారు. "అయ్యగారేడిరా?"

"అయ్యగారిని అనకు అన్నా. కారు కోసం ఆగిండు."

"కారేది?"

"డ్రైవర్ తాళంచెవి కోసం ఆగిండు."

"మరి తాళంచెవి?"

ఈయన జేబు తడుముకున్నాడు. "నా కాడనే ఉన్నట్టున్నది."

ఆయన చెయ్యిపడితే ఎంత పాత కంప్యూటరైనా గబుక్కున లేచేది, డయాలసిస్ సెంటర్లో తానే పెట్టిన మిషన్ తప్ప. అక్కడ పేర్లు పిలిచే బోర్డు పొద్దున ఎంతకీ వెలిగేది కాదు. పిలిచినప్పుడు మనిషి లేకపోతే పేరు ఆఖరికి పోతుంది. అందుకని అందరూ దానివైపే చూస్తూ కూర్చునేవారు. మేనేజర్ మహేశ్ ఫోన్ చేసేవాడు.

"ఏంది సార్, గీ మిషన్ ముసలెద్దు లెక్క?"

"మిషన్‌ను అనకు. పాపం, ఎవరి కోసమో ఆగింది."

జనగామంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ ఒక్క బోర్డు పుణ్యాన దుకాణానికి మనుషులు రావడం తగ్గింది.

ఛాతీ నొప్పిని కూడా ఆయన అలాగే ఆపి పెట్టాడు. "గీ సర్వర్ పని కానీ, దవాఖానకు పోదాం." సర్వర్ లేచింది. ఆయన లేవలేదు. ఊరందరి కోసం ఆగే మనిషి నా కోసం ఆగలేదు.

మహేశ్ కొత్తగా అరుణ్ అనే టెక్నీషియన్ను పెట్టుకున్నాడు. బోర్డు ఇప్పుడు స్విచ్ వేయగానే వెలుగుతోందని బజారులో నలుగురూ మెచ్చుకుంటుంటే ఒళ్ళు మండింది. అంతలో ఒకరోజు, నర్మెట్ట అవతలి తండా నుంచి డయాలసిస్‌కు వచ్చే కాళి మా గడపలో కూలబడింది.

"సరళక్కా, సారు పోయినంక బోర్డు ఆగుతలేదు. మా బస్సు వచ్చేసరికే పిలుసుడు అయితున్నది. నా పేరు ఆఖరికి పోతున్నది. బయటపడేసరికి మాపటి బస్సు పోతున్నది. నిన్న రాత్రి బస్టాండులనే పండుకున్న."

"బోర్డు ఎవరి కోసమన్నా ఆగుతదా కాళీ?"

"మా బస్సు డ్రైవర్ సాంసన్ కోసం ఆగేది గద!"

సెంటర్‌కు పోయి అరుణ్‌ను అడిగాను.

"నిజమే అక్కా. సాంసన్ ఫోన్‌కు సెంటర్ వైఫై అందేదాకా బోర్డు లేవకుండ రాసిండు సారు. పావుగంట సూసి, ఫోన్ రాకుంటే బోర్డు దానంతటదే లేస్తది. తప్పనుకొని తీసేసిన."

"తప్పు కాదు. మళ్ళ పెట్టు."

పక్కనున్న మహేశ్ గొణిగాడు. "జనం నన్ను తిడతరమ్మా."

"ఇన్నేండ్లు ఆ తిట్లు ఆయన తిన్నడు. ఇగ నన్ను తిట్టమను."

మర్నాడు పొద్దున్నే పోయి సెంటర్లో కూర్చున్నాను. బోర్డు నల్లగా ఉంది.

"సారు పోయినా గీ లేటు పోలేదా?" అన్నాడొక పెద్దాయన.

"జర ఆగుండ్రి, బస్సు వస్తది" అన్నాను.

బయట హారన్ మోగింది. కాళి, తండావాళ్ళు ఉరుకుతూ వచ్చి కూర్చున్నారు. బోర్డు వెలగలేదు. అందరూ నావైపే చూస్తున్నారు. అప్పుడు డ్రైవర్ సాంసన్ తల గోక్కుంటూ లోపలికి వచ్చాడు.

"అక్కా... ఫోన్ ఇంట్ల మర్చిపోయిన."

ఆయన పోయాక మొదటిసారి నాకు నవ్వొచ్చింది. పావుగంట ఆగక తప్పదు. కాళి నా భుజానికి ఆనుకుంది.

"సారు ఉంటే ఏమంటుండె అక్కా?"

"సాంసన్‌ను అనకుండ్రి, ఆయన ఎవరి కోసం మర్చిండో సూడుండ్రి అంటుండె."