వైపర్ మోటరు ఊయల

ఇబ్రహీంపట్నంలో మేం అద్దెకున్న ఇంటి ఓనర్‌కు ప్రతిదానికీ మోటరు బిగించడం సరదా. కోడలు పసిపాప ఊయల వదిలి పనికి రావడం లేదని, ఆ ఊయలకు పాత కారు వైపర్ మోటరు పెట్టాడు. ఊయల తనంతట తానే ఊగేది, కాని గట్టిగా కుదిపేది.

"మామా, పాప పాలు కక్కుతుంది. జర బంద్ చెయ్యి," అంది కోడలు.

"గట్లనే అలవాటైతది. నువ్వు పోయి బట్టలుతుకు," అంటూ ఆయన నేల మీది స్విచ్‌ను ఎప్పటిలాగే కాలి బొటనవేలితో నొక్కి మోటరు మళ్ళీ ఆన్ చేశాడు.

ఒక మధ్యాహ్నం పాప ఏడుపు ఆగింది.

"చూసినవా తమ్మీ, ఎట్ల పండిందో," అన్నాడు నాతో గర్వంగా. నేనూ హమ్మయ్య అనుకుని కునుకు తీశాను. కోడలి కేకతో మెలకువ వచ్చింది. కక్కిన పాలు గొంతుకు అడ్డుపడి పాప అప్పటికే చనిపోయింది.

పూడ్చి వచ్చాక పలకరించబోతే, ఆయన నా ముఖంలోకి సూటిగా చూసి అన్నాడు.

"మోటర్ల ఏం తప్పు లేదు తమ్మీ. పిల్లకే బలం లేకుండె."