వీపుకి ఆనే వైపు

2022లో ఫరీదాబాద్‌లోని మా షెడ్డుకి సరళగారు ఒక ప్లాస్టర్ దిమ్మ పట్టుకొచ్చారు. ఆవిడకి గురుగ్రామ్‌లో ఉద్యోగం, సొంతూరు ఏలూరు. ఆ దిమ్మ వాళ్ళమ్మాయి మేఘన వీపు నమూనా. పదమూడేళ్ళ పిల్ల, వెన్ను నిలవదు. వీల్‌చైర్‌లో వీపుకి సరిగ్గా పట్టే ఫైబర్‌గ్లాస్ సీటు కావాలి.

"పాత సీటు ఒరుసుకుని పుండు పడిందండీ. రెండు నెలలు బోర్లా పడుకునే ఉంది. మళ్ళీ పడిందంటే ఈ ఏడు బడి పోయినట్టే," అన్నారు.

"నాకొదిలెయ్యండమ్మా, అద్దంలా చేసిస్తా," అన్నాను. ఇరవై ఏళ్ళుగా కార్ల బంపర్లు చేస్తున్నవాణ్ణి, ఆ మాత్రం గీర ఉండదా?

చేత్తో వేసే ఫైబర్‌లో నునుపు ఒక్క వైపే వస్తుంది, అచ్చుకు ఆనిన వైపు. అచ్చుకి ముందు జెల్ కోట్ అనే రంగు పూత వేసి, దాని మీద గాజునార పరిచి రెజిన్ అనే జిగురుతో తడుపుతాం. ఆరాక విప్పితే పూత వైపు మెరుస్తుంది, రెండో వైపు నార తేలి గరుకుగా ఉంటుంది. బంపర్లకి మెరుపు బయటికే కదా. అలవాటు కొద్దీ దీనికీ బయటికే వచ్చేలా, దిమ్మ మీంచి గుంట అచ్చు తీసి అందులో సీటు చేశాను. లోపలి వైపు కాస్త రుద్ది పల్చటి ఫోమ్ అంటించాను. నీలం రంగు, మొహం చూసుకోవచ్చు.

మేఘన పది నిమిషాలు కూర్చుంది. తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడేది హిందీయే. "అంకుల్, బాహర్ సే బహుత్ సుందర్ హై. పర్ బైఠ్‌నా తో ముఝే అందర్ హై," అంది. బయట చాలా బాగుంది, కానీ నేను కూర్చోవాల్సింది లోపల కదా అని. కోపంగా కూడా అనలేదు.

సరళగారు వీపు చూసి "ఎర్రబడిందండీ," అన్నారు. నాకు తల తీసేసినట్టయింది.

ఈసారి నునుపు లోపలికొచ్చేలా నేరుగా దిమ్మ మీదే వేశాను. ముందు దాని చిల్లులు పుట్టీతో పూడ్చి, నీళ్ళు పోస్తూ వాటర్ పేపర్‌తో మూడు రోజులు రుద్దాను. దిమ్మ మీద ఏ గీత ఉన్నా అది పిల్ల వీపుకి తగులుతుంది. రెజిన్ పనికి నా అరచేతులు మొద్దుబారిపోయాయి, గరుకు తెలియదు. అందుకని మణికట్టు లోపలి వైపుతో తడిమి చూసుకున్నాను.

రెండో సీటుకి బయట నార గీతలు కనిపిస్తూనే ఉన్నాయి. "దీనికి ఏం రంగు వెయ్యమంటావమ్మా?" అని మేఘనని అడిగాను. చూస్తే సీట్లోనే నిద్రపోయింది.

లేపబోతే సరళగారు చెయ్యి అడ్డం పెట్టారు. "ఇది కూర్చుని నిద్రపోవడం నేనెప్పుడూ చూళ్ళేదండీ," అన్నారు మెల్లగా. నేను వెళ్ళి గ్రైండర్ ఆపించాను. గంట తర్వాత లేచాక చూస్తే, వీపు మీద ఎక్కడా ఎరుపు లేదు.

ఇప్పుడు ఏ ఆర్డరొచ్చినా రంగు సంగతి తర్వాత, ముందు మనిషి ఒళ్ళు ఎక్కడ ఆనుతుందని అడుగుతాను. అంతకుముందు ఇరవై ఏళ్ళలో ఆ మాట ఒక్కరినీ అడగలేదు.