బెయిలిఫ్‌కి దుబాసీ

మా ఆవిడకి కోపం వస్తే అరవదు, లాప్‌టాప్ తెరుస్తుంది. ఆ సంగతి తెలియక మా కేటరర్ ఆమె జోలికొచ్చాడు.

అతను స్కార్‌బరోలో ఇంట్లోనే వండి, వ్యాన్‌లో తెచ్చి వడ్డిస్తాడు. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి భోజనాలు అతనికే అప్పగించి పద్దెనిమిది వందల డాలర్లు అడ్వాన్స్ ఇచ్చాం. ఆ రోజు భోజనమూ రాలేదు, అతనూ రాలేదు. ఫోన్ స్విచాఫ్. అరవైమంది పట్టుబట్టల్లో కూర్చుని పిజ్జా తిన్నారు.

కొన్నాళ్లకి ఇండియన్ షాపులో ఎదురుపడి నా చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, మీ పైసలు నా దగ్గర భద్రంగున్నయ్. ఫికర్ చెయ్యకు."

నేను మొహమాటస్థుణ్ణి. "పర్లేదులేవయ్యా" అన్నాను. పైగా ఇంటికొచ్చి ఆ ముక్క మా ఆవిడకి చెప్పాను. లాప్‌టాప్ తెరుచుకుంది.

అడ్వాన్స్ ఆమె ఖాతాలోంచే వెళ్లింది కాబట్టి చిన్న మొత్తాల తగువులు తేల్చే స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో దావా ఆమె పేరు మీదే పడింది. పాస్‌పోర్టులో ఆమెకి ఇప్పటికీ పుట్టింటి ఇంటిపేరే. అతనికేమో ఆమె వట్టి వదిన, అసలు పేరు తెలియదు. కోర్టు కవర్లు విప్పకుండా ఫ్రిజ్ మీద పడేశాడట. జవాబు లేకపోయేసరికి తీర్పు మాకే వచ్చింది. ఆ పూట మా ఇంట్లో కేసరి.

తర్వాత తెలిసింది, కోర్టు తీర్పయితే ఇస్తుంది గానీ డబ్బు వసూలు చేసి చేతిలో పెట్టదని. మళ్లీ ఫీజు కట్టాలి, జప్తుకి వచ్చే కోర్టు అమీను, అదే బెయిలిఫ్, ఖర్చులకి డిపాజిట్ కట్టాలి, ఏం జప్తు చెయ్యాలో కూడా మనమే చెప్పాలి. మా ఆవిడ క్షణం ఆలోచించకుండా వ్యాన్ అని రాసింది.

ఒకరోజు నేను ఇంట్లోంచే ఆఫీసు పని చేసుకుంటుంటే కేటరర్ ఫోన్.

"అన్నా, జర జల్ది రా. ఎవరో తెల్లాయన వచ్చి నా వ్యాన్ తీస్కపోతా అంటుండు. ఇంగ్లీషుల ఏందేందో చెప్తుండు, నాకు సమజైతలేదు. నువ్వు తప్ప నాకెవరున్నరు?"

రానని చెప్పాల్సింది. మేముండే రిచ్‌మండ్ హిల్ నుంచి స్కార్‌బరో దాకా నన్ను నేను తిట్టుకుంటూనే కారు నడిపాను.

అతని ఇంటి ముందు బళ్లు లాక్కెళ్లే టో ట్రక్కు, బెయిలిఫ్, వ్యాన్ తలుపుకి అడ్డంగా మా కేటరర్. నన్ను చూడగానే అతనికి ప్రాణం లేచొచ్చింది. నా చేతిలో టీ పెట్టాడు. నా పెళ్లాం వేసిన దావాని, నా పెళ్లానికొచ్చిన తీర్పుని నా నోటితోనే తెలుగులో వినిపించాను. బెయిలిఫ్ ఇచ్చిన కాగితంలో ఉన్న ఆమె పేరు కూడా చదివాను.

"ఎవరన్నా ఈమె? నేనేం పాపం జేసిన్నని గింత పగ పట్టింది?"

టీ కప్పు పక్కన పెట్టాను. "మీ వదిన" అన్నాను.

అతను మెట్ల మీద కూలబడ్డాడు. "వదిననా? గట్లయితె ముందుగాల్నే చెప్పొద్దా అన్నా! ఎవరో బయటోళ్లనుకున్న."

నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "మరి ఆ రోజు ఏమైపోయావయ్యా?" అని మొదటిసారి గట్టిగా అడిగాను.

వ్యాన్ హైవే మీద ఆగిపోయిందట. అరవైమంది బిర్యానీ వెనకే చల్లారిపోయిందట. ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలియక ఫోన్ ఆపేశాడట. మా డబ్బు భద్రంగా ఉందన్న మాట నిజమే, ఆ వ్యాన్ ఇంజిన్‌లో ఉంది.

మా ఆవిడకి ఫోన్ చేసి, సంగతి చెప్పి, స్పీకర్‌లో పెట్టాను.

"వదినా, తప్పయింది" అన్నాడు.

అటునుంచి లాప్‌టాప్ మూసిన చప్పుడు వినిపించింది.

"డబ్బు కోసం కాదు తమ్ముడూ. నువ్వొచ్చేస్తున్నావని అందరికీ చెప్తూ హాలు గుమ్మంలోనే నిలబడ్డాను. బండి ఆగిపోయిందని ఒక్క ఫోన్ చేసుంటే మీ అన్నయ్యని పంపించేదాన్ని కదా."

అతను మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నాకూ కళ్లు చెమర్చాయి. బెయిలిఫ్ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, అసలు నువ్వెవరి మనిషివని నన్ను అడిగాడు. ఆవిడ భర్తనని చెప్పాను. అతను రాసుకోబోయి మానేశాడు.

"వ్యాన్ తీసుకెళ్తే అతనేం తింటాడండీ? నెలనెలా కడతాడు, వదిలెయ్యమని చెప్పండి" అంది మా ఆవిడ.

అదీ నేనే ఇంగ్లీషులో చెప్పాను.