చెల్లెలి లాప్‌టాప్‌లో పచ్చగా మెరిసిన చర్మకణాలు

ఈ రోజు మధ్యాహ్నం మా చెల్లెలు సునీత హైదరాబాదు నుంచి గద్వాలకు వచ్చింది. చర్మకణాల్లోకి కొత్త జన్యువులను ఎలా చేర్చాలన్నదే దాని పరిశోధన. వచ్చీ రాగానే, అన్నం కూడా తినకుండా లాప్‌టాప్ తెరిచింది. నల్లటి తెర మీద పచ్చటి చుక్కలు మెరుస్తున్నాయి.

"ఇవి మనిషి చర్మకణాలు, అన్నా. మేం పంపిన జన్యువుకు మెరిసే గుర్తు పెట్టినం, అది లోపలికి పోయింది, అందుకే గిట్ల మెరుస్తున్నయ్. ఇన్ని దినాలు ఒక్కటి గూడ మెరవలే," అంది.

అందరికన్నా ముందుకు వంగి చూసింది మా చిన్నాన్న కూతురు కవిత. పుట్టినప్పటి నుంచీ దాని చర్మం మరీ సున్నితం. మా ఇంటి మగ్గం కర్ర రాసుకున్నా బొబ్బలు లేస్తాయి. సునీత ఈ చదువు ఎంచుకున్నదే దాన్ని చూసి.

"గిది నాకు పనికొస్తదా అక్కా?" అని అడిగింది కవిత.

సునీత అబద్ధం చెప్పలేదు. "ఇప్పుడైతే ల్యాబుల గాజు గిన్నెలోనే పనిచేస్తది. మందు ఎప్పుడైతదో, అసలు అయితదో కాదో నాకూ తెల్వదు."

కవిత తన చెయ్యి ముందుకు చాచింది. "మరి నాలాంటోళ్ల తోలు మీద గూడ చూడాలె గద! నాది జరంత తీస్కపో."

"గట్ల తీసుకునేందుకు లేదే. డాక్టర్లు చూడాలె, పరిశోధనల కమిటీ పర్మిషన్ ఇయ్యాలె."

"తోలు నాదైతే పర్మిషన్ వాళ్లదేంది?"

ఇల్లంతా నవ్వింది. సునీత నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. వచ్చే నెల కవితను తనతో డాక్టర్ల దగ్గరకు తీసుకెళ్తుందట.

ఇద్దరు చెల్లెళ్లలో ఎవరిని చూసి ఎక్కువ పొంగిపోవాలో తేల్చుకోలేక ఇది రాస్తున్నాను. మీరైతే ఎవరికి ఓటేస్తారు?